మా ముసలాయన చూసిన ఏనుగు

మా ముసలాయన చూశానంటున్న ఏనుగు ఉందో లేదో తేల్చుకోవడానికి నేను అడవికి పోయాను. బండల మీది పాత బొమ్మలంటే నాకు పెద్ద పిచ్చేమీ లేదు. ముందే చెప్తున్నా.

మా పెళ్లైన కొత్తలో ఆయన తాడ్వాయి అవతలి అడవిలో వెదురు కొట్టే పనికి పోయాడు. అక్కడ చలిజ్వరం పట్టుకుంది. తోటివాళ్లు ఒక పెద్ద బండ కింద పడుకోబెట్టి, పక్కన నీళ్లు పెట్టి, పనికి పోయారు. ఆ బండలో చెక్కిన ఏనుగు ఒకటి తన మీద నిలబడి జ్వరం దిగేదాకా కాపలా కాసిందని ఇంటికొచ్చి చెప్పాడు. ఆ ఏనుగును చూసినవాడు ఇంకొకడు లేడు. జ్వరంలో చూశావులే అని అందరూ నవ్వారు, నాతో సహా. తర్వాత ఎనుమాముల మార్కెట్లో హమాలీగా చేరితే ఈ కథ ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. ఏనుగు రాజమల్లు అని పేరు పడింది. మిర్చి బస్తా సులువుగా ఎత్తితే ఏనుగుకు ఇదొక బరువా అనేవాళ్లు, ఆగి చెమట తుడుచుకుంటే ఏనుగు అలిసింది అనేవాళ్లు. ఇప్పుడు మా మనవడు కూడా ఆయన్ని ఏనుగు తాత అంటాడు.

నాకు అక్షరాలు వచ్చింది అరవైకి దగ్గర పడ్డాక, మా కోడలు నేర్పితే. అప్పటినుంచి కంటబడిందల్లా చదువుతాను. దవాఖాన బోర్డులు, అగ్గిపెట్టెలు, గోడల మీది పోస్టర్లు, ఏదీ వదలను. ఒకరోజు బజ్జీలు కట్టిచ్చిన పేపర్లో, తాడ్వాయి అడవిలో ఒక వాలుబండ మీద ఎప్పటివో చెక్కడాలున్నాయని, చూడాలనుకునేవాళ్లను హన్మకొండ నుంచి గైడుతో తీసుకుపోతారని ఉంది. నూనె మరకలు వదిలేసి మిగతాది గట్టిగా చదివాను. తుంటి విరిగి మంచం మీదున్న ముసలాయన బజ్జీ కింద పెట్టి లేచి కూర్చున్నాడు.

"అదే బండ," అన్నాడు. "నా కాళ్లు పోయినయ్. నువ్వు పోయి చూసి రా. ఉంటే ఉన్నదను, లేకుంటే లేదను. నా మనసు కోసం మాత్రం ఉన్నదని చెప్పకు."

అలా బయలుదేరాను.

చలి ఇంకా పోలేదు. ఉదయం ఆరింటికి హన్మకొండ బస్టాండులో కలవమన్నారు. పది మందిదాకా ఉన్నారు, ఎక్కువమంది ఉద్యోగాలు చేసే పిల్లలు. తీసుకుపోయే అమ్మాయి పేరు శ్రీలత, బ్యాంకులో పని చేస్తుందట. నా ముఖం కంటే ముందు నా కాళ్లు చూసింది.

"పెద్దమ్మా, మూడు గంటల నడక. నడువగలుగుతరా?"

"నడువకుంటే నువ్వెత్తుకపోతవా బిడ్డా?"

ఆమె నవ్వి నా చేతి సంచి తీసుకుంది. నా మనవడి బూట్లు వేసుకుని, రెండు జతల సాక్సులు తొడిగాను కాబట్టి అవి సరిగ్గానే పట్టాయి. నా తర్వాత అక్కడికి పోయేవాళ్లకు నేను చెప్పేదొక్కటే, చెప్పులతో పోకండి. ముళ్లు మడిమల మీద పగబట్టినట్టు గుచ్చుకుంటాయి.

బస్సులో నా పక్క వరుసలో వెంకటేశం సేటు కూర్చున్నాడు. చౌరస్తాలో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం. డాక్టరు నడవమన్నాడని వచ్చాడట. వచ్చేటప్పుడు నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ కూడా తెచ్చుకున్నాడు. కండక్టరుకు నేను ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే, ఆయన డబ్బులు తీస్తూ మూలిగాడు.

"ఆడోళ్లకు ఫ్రీ, మాకు ఫుల్లు. అడవిల చెట్ల నీడకు గూడ మాకే టికెట్ కొడ్తరేమో పెద్దమ్మా."

"చీర కట్టుకొని రాకపోయినవ్ సేటూ, నీకు మీసమొక్కటే గద అడ్డం."

కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని నవ్వుతూ ముందుకు పోయాడు.

ములుగు దాటేదాకా పొగమంచు విడలేదు. కిటికీలోంచి పొలాలు నీళ్లలో మునిగినట్టు కనబడేవి, వాటి మీద కరెంటు స్తంభాల తలలు మాత్రం తేలేవి. నేను కునుకు తీస్తూ, లేచినప్పుడల్లా ఒక ఊరి పేరు చదువుతూ పోయాను. ఒకసారి కళ్లు తెరిస్తే ముందు సీట్లో ఒకామె ఒళ్లో పెద్ద బెల్లం ముద్ద ఎర్ర బట్టలో కట్టుకుని, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. మేడారం అమ్మవార్లకు బెల్లం మొక్కు చెల్లించడానికి పోతోంది.

"నువ్వు గూడ అమ్మల కాడికే పోతానవా అక్కా?" అని అడిగింది.

"లేదు చెల్లె, ఏనుగు కాడికి."

ఆమె ఏం అర్థం చేసుకుందో, బెల్లం మీద చెయ్యి పెట్టి కళ్లకు అద్దుకుంది. నేనూ అద్దుకున్నాను.

తొమ్మిదిన్నరకు తాడ్వాయిలో దిగాం. బస్టాపు ఎదురుగా హోటల్లో ఉప్మా, చాయ్. ఉప్మా బాగుంది, చాయ్‌లో చక్కెర ఎక్కువ. ఫారెస్టు ఆఫీసువాళ్ల దగ్గర పర్మిషన్ శ్రీలత ముందే తీసుకుంది, సొంతంగా పోయేవాళ్లు ఆ పని చూసుకోవాలి. అక్కడినుంచి ట్రాలీ ఆటోలో ఒక కోయగూడెం దాకా పోయాం. మా గైడు సమ్మయ్యది ఆ గూడెమే. యాభై ఏళ్లుంటాయి, భుజం మీద గొడ్డలి, చేతిలో నీళ్ల సీసా. బయలుదేరేముందు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"బండ మీద పేర్లు రాయొద్దు. బొమ్మలు మంచిగ కనవడాలని నీళ్లు పోయొద్దు, సుద్దముక్కతోని గీయొద్దు. నా ఎనకనే నడువుండ్రి."

గూడెం చివర ఒక ఇంటి గోడ మీద సిమెంటు కంపెనీ పేరు చదివాను. ఆ తర్వాత చదవడానికి ఏమీ లేదు. అక్షరాలు వచ్చాక అలాంటి చోటికి పోవడం నాకు అదే మొదటిసారి. కాసేపు కళ్లు వెతుక్కున్నాయి, తర్వాత ఊరుకున్నాయి. తునికి చెట్లు, టేకు చెట్లు, మధ్యమధ్య వెదురు పొదలు. ఎండుటాకుల మీద మా అడుగుల చప్పుడు వానలా ఉంది. పైన ఎక్కడో ఒక పిట్ట ఒకటే మాట అంటోంది, మేమెంత దూరం నడిచినా అది అంతే దూరంలో ఉంది. ముసలాయన కూడా ఈ దారినే వచ్చాడు కదా అనుకున్నాను. ఎప్పుడూ బస్తాల కింద వంగిన మనిషినే చూశాను నేను. ఇక్కడ, ఈ చెట్ల సందున, కొడవలి పట్టుకుని నిటారుగా నడుస్తున్న పిల్లవాడొకడు రెండు మూడు సార్లు కనబడి మాయమయ్యాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికి.

వాగు దగ్గర ఆగాం. మోకాలు లోతు నీళ్లు, అవతల నిట్టనిలువు ఎక్కుడు. సమ్మయ్య నా పక్కకు వచ్చాడు.

"అమ్మా, ఇగ అంతా ఎక్కుడే. మోకాళ్లు నొస్తే గీ నీడల కూసో. వాపస్ వచ్చేటప్పుడు తీస్కపోతం, ఫికర్ చెయ్యకు."

"నేను కూసుంటే ఏనుగు వాగు దాటి నా దగ్గరికి వత్తదా?"

"ఏ ఏనుగు?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయమనిపించింది, ఎందుకంటే సీసా మూత తిప్పుతూ మెల్లగా ఇలా అన్నాడు.

"చిన్నప్పటి సంది ఆ బండ చూత్తాన. ఎద్దులున్నయ్, జింకలున్నయ్, మనుషులున్నరు. ఏనుగైతే లేదమ్మా."

వెనక్కి తిరగొచ్చు. కానీ లేదని చెప్పాలన్నా నా కళ్లతో చూసి చెప్పాలి. చీర కుచ్చిళ్లు ఎగదోపి నీళ్లలో దిగాను. వాగు చల్లదనం ఎముకల దాకా పోయింది. ఎక్కుడులో శ్రీలత ముందునుంచి చెయ్యి పట్టి లాగింది, సేటు వెనకనుంచి రొప్పుతూ ధైర్యం చెప్పాడు. నిజానికి ఆ ధైర్యం ఆయనకే కావాలి.

బండ దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది. గుట్ట మీద చెట్లు ఒక్కసారిగా తప్పుకుంటాయి. తెల్లటి రాతి నేల, దాని మీద రెండంతస్తుల మేడంత బండ ముందుకు వాలి ఉంది, ఎవరితోనో మాట చెప్పడానికి వంగినట్టు. దాని నుదుటి మీద బొమ్మలు. మూపురాల ఎద్దులు, కొమ్ములు కొమ్మల్లా విచ్చుకున్న జింకలు, చేతులు కలుపుకుని వరసగా నిలబడ్డ మనుషులు. రాతితో రాతిని కొట్టి కొట్టి చేసినవట. ఎప్పటివని ఒకబ్బాయి అడిగితే, లోహం రాకముందువి కావచ్చని, గట్టిగా ఎవరూ చెప్పలేకపోయారని శ్రీలత చెప్పింది. ఆ మనుషులు ఏం చెప్పుకుంటున్నారో చదవగలిగినవాళ్లు ఎక్కడా లేరట. నాకు అది బాగా నచ్చింది. అందరం నోరు తెరుచుకుని పక్కపక్కన నిలబడ్డాం.

కానీ ఏనుగు లేదు.

ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు పోయి చూశాను. ఒక ఎద్దును ఏనుగనుకుందామని ప్రయత్నం చేశాను. తొండం లేదు. నడినెత్తిన ఎండ, బొమ్మలు కూడా కళ్లు చిట్లించుకున్నట్టున్నాయి. అన్నం తినే వేళైంది. పులిహోర పొట్లం విప్పాను గానీ సహించలేదు. సేటు తన గిన్నెలోంచి బూరె ఒకటి నా ఆకులో వేశాడు.

"ఉన్నదని చెప్పు పెద్దమ్మా. పెద్దమనిషి కుష్ అయితడు. నీదేం పోతది?"

"నేను పెట్టే కూర మంచిగుంటే గూడ మంచిగున్నదని నమ్మడు. అబద్ధం చెప్తే నమ్ముతడా?"

నేను ముసలాయన ముఖం గుర్తు చేసుకున్నాను. లేదని చెప్తే ఆయన ఏడ్చే మనిషి కాదు. సరే అంటాడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ సరే వినడం నాకు ఇష్టం లేదు.

మోకాళ్లు కుండల్లా వాచాయి. కాసేపు నడుం వాల్చుదామని బండ వాలిన కిందికి, లోపలి నీడలోకి పాక్కుంటూ పోయాను. రాతి నేల చల్లగా, నున్నగా ఉంది. సంచి తల కింద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాను. కళ్లు మూతలు పడ్డాయి. దూరంగా పిల్లల మాటలు, ఆ పిట్ట ఒక్క మాట, తర్వాత ఏదీ లేదు. నిద్రపోయానో లేదో చెప్పలేను. కళ్లు తెరిచేసరికి బయటి తెల్లబండ మీద పడ్డ ఎండ కిందినుంచి పైకి లేచి, నా మీదున్న బండ కడుపంతా పాలు పూసినట్టు వెలుగుతోంది. ఆ వెలుగులో ముందు ఒక వీపు గీత కనబడింది. తర్వాత చెవి. తర్వాత నాలుగు స్తంభాల్లాంటి కాళ్లు, నాకు అటు రెండు, ఇటు రెండు. తొండం నా ముఖం దాకా దిగి, ముట్టుకోకుండా ఆగింది.

కదలకుండా చూస్తున్నాను. అప్పుడు దాని కడుపు కింద, ముందరి కాళ్ల దగ్గర, ఇంకొకటి కనబడింది. చిన్నది. తొండం వేలంత ఉంది.

"శ్రీలతా!" అని అరిచాను. పాము కరిచిందనుకుని అందరూ పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది పెద్దమ్మా?"

"పండుకోండ్రి. నిలవడితే కనవడది. పండుకోండ్రి అందరు."

ఒకరి తర్వాత ఒకరు వంగి, పాకి, వెల్లకిలా పడుకున్నారు. సేటు పడుకోవడానికి ఇద్దరు సాయం పట్టారు. వరసగా పడుకుని పైకి చూస్తున్నాం, ఆ ఏనుగు నీడలో పుట్టిన పిల్లల్లాగా. సమ్మయ్య ఒక్కడే బయట నిలబడ్డాడు.

"గక్కడ పండొద్దని మా పెద్దోళ్లు చెప్పేటోళ్లు. ఎలుగుబంటి వత్తదని," అన్నాడు. అంటూనే గొడ్డలి పక్కన పెట్టి ఆయనా వచ్చి నా పక్కన పడుకున్నాడు. కాసేపటికి, "గిన్నేండ్లు నిలవడే చూసిన," అని తనలో తను అనుకున్నాడు.

శ్రీలత ఫోనుతో ఫోటోలు తీసింది. అన్నిటిలో ఒట్టి బూడిద రంగు బండే పడింది. ఏనుగు ఫోనులోకి రాలేదు. ఎండ జరిగేకొద్దీ అది మెల్లగా బండలోకి పోయింది, ముందు కాళ్లు, చివరికి చెవి.

తిరుగు నడక గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. దిగుడు మోకాళ్లకు ఎక్కుడు కంటే కష్టం, కట్టె పట్టుకోండి. తాడ్వాయిలో చీకటి పడే వేళకు బస్సు దొరికింది. పస్రా దగ్గర ఫోనుకు సిగ్నల్ వచ్చింది. నాకు చెవి తక్కువ, అందుకని స్పీకరు పెట్టుకుని మాట్లాడతాను. ముసలాయన మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమే, చూసినవా?"

"చూసిన. ఉన్నది."

ఆయన మెల్లగా, "నా మనసు కోసం చెప్తానవా?" అన్నాడు.

"నీ మనసు కోసం ఏనాడన్న ఏమన్న చెప్పిన్నా నేను?"

"లేదు," అన్నాడు. "అయితే చెప్పు. పిల్ల ఏ దిక్కున్నది?"

పిల్ల మాట నేనింకా ఎత్తనేలేదు.

"ముందటి కాళ్ల కాడ. తల్లి కడుపు కింద," అన్నాను. "ఏమయ్యా, ఇన్నేండ్లల్ల పిల్ల సంగతి ఒక్కనాడన్న చెప్పినవా నాకు?"

"ఏనుగు అనంగనే నవ్వుడు షురూ జేత్తిరి. పిల్ల దాక ఎవలు చెప్పనిచ్చిండ్రు?"

పక్క వరుసలో సేటు క్యారియర్ ఒళ్లో పెట్టుకుని నా ఫోను వైపే చూస్తున్నాడు. శ్రీలత కళ్లు మూసుకుని ఉంది గానీ నిద్రపోలేదు.

"సరే, ఇప్పుడు చెప్పు," అన్నాను. "జ్వరం వచ్చిన కాడి నుంచి చెప్పు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. వెదురు కొట్టే మనుషుల పేర్లతో మొదలుపెట్టాడు. జంగాలపల్లి దాటిపోయింది, ములుగు దీపాలు వచ్చి పోయాయి. బస్సంతా చీకట్లో ఆ గొంతు ఒక్కటే నడుస్తోంది. హన్మకొండ వచ్చేసరికి కథ ఇంకా ఏనుగు దాకా రాలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేవలేదు. కండక్టరే వచ్చి దిగమన్నాడు.