పాట ఎత్తుకోవడానికి మైదుకూరు దాకా

మా ఆయన పోయి ఏడాది అయింది. మైదుకూరు పక్కన ఆయన పుట్టిన పల్లెలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. మరిది ఫోన్ చేసి, "వదినా, అన్న ఎప్పుడూ ఎత్తుకునే పాట నువ్వే ఎత్తుకోవాల. ఇంకొకరు ఎత్తుకుంటే ఏం బాగుంటాది?" అన్నాడు. సరే అనేశాను. ఫోన్ పెట్టిన దగ్గర్నుంచీ ఒకటే దడ.

మా క్రైస్తవ సంఘాల్లో పాట ఎత్తుకోవడమంటే ఊరికే పాడటం కాదు. ఒకరు లేచి పల్లవి మొదలుపెడితే ఆ శ్రుతిలోనే గుడి గుడంతా అందుకుంటుంది. మా ఆలూరు గుడిలో ఆ పని ఎప్పుడూ మా ఆయనదే. ఆయన పోయాక నా నోట పాట రాలేదు, ప్రార్థనా రాలేదు. ఆదివారం పోయి పెదాలు కదిపి వస్తున్నాను. ఆ మనిషిని బతికించమని మోకాళ్లు వాచేలా అడిగాను, వినలేదు. ఇక ఆ దేవుడితో నాకేం మాటలు?

పొద్దున ఆరింటికి ఆలూరులో కర్నూలు బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తున్నారు. కార్డు మాత్రం సంచి అడుగున పెట్టుకోకండి, కండక్టర్లు విసుక్కుంటారు. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ మనసు కుదుటపడలేదు. బయటంతా ఎండిన పత్తి కట్టె, దుమ్ము. లోలోపల పల్లవి అనుకుంటూ పోతుంటే రెండో పాదం గుర్తుకు రాలేదు. కోడుమూరు దాటాక దానంతటదే వచ్చింది. అప్పటికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది.

కర్నూలు బస్టాండులో తొమ్మిదింటికి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తీసుకున్నాను. నాలుగు ముద్దలు కూడా దిగలేదు. కడప బస్సులో పక్కన చీరల మూటతో ఒక నేతపనాయన కూర్చున్నాడు. కాసేపు నన్నే చూసి, "ఏమక్కా, ఒళ్లు బాగలేదా? అట్ల వణుకుతాండావే" అన్నాడు.

"కూడికలో పాట ఎత్తుకోవాలప్పా. భయమైతాంది."

ఆయన ఫక్కున నవ్వాడు. "పాటకేనా! ఇంకా ఆపరేషనుకు పోతాండావేమో అనుకుంటి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నంద్యాల దాకా మొహం అటు తిప్పుకునే కూర్చున్నాను. ఆ తర్వాత కాలువ నీళ్లు, పచ్చని వరిమళ్లు వచ్చాయి. మా పక్కనుంచి వచ్చినవాళ్లకు కళ్లు చల్లబడే చోటది. నేను మాత్రం ఊరు దగ్గరయ్యేకొద్దీ పల్లవి మళ్లీ మళ్లీ అనుకుంటూ పోయాను. మైదుకూరులో రెండింటికి దిగి, షేర్ ఆటోలో పల్లె చేరాను.

ఐదింటికి పల్లె గుడిలో కూడిక. పాస్టరుగారు వాక్యం చెప్పి నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను. డోలక్ వాయించే మనిషి చేతులు పైకెత్తి నాకోసం ఆగాడు. ఆ కంగారులో ఎక్కడో పై శ్రుతిలో ఎత్తుకున్నాను. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణం ఇంకా పైకి పోయేది కదా, నా గొంతు కీచుమని తెగింది. వెనక ఆడవాళ్ల గొంతులూ అంతే. డోలక్ ఆగిపోయింది. చచ్చేంత సిగ్గేసింది. మా ఆయన పాటను నలుగురిలో పాడుచేశానే అని ఏడుపొచ్చింది.

ముందు వరసలోంచి మా ఆయన పెద్దమ్మ గట్టిగా అంది: "ఓయమ్మీ, శానా మీద ఎత్తుకుంటివే! ఆడికి మేమెట్ల ఎక్కాల? దించి మళ్లా ఎత్తుకో. వాడు గూడా మొదట్లో ఇట్లనే సంపేటోడు మమ్మల్ని."

గుడంతా నవ్వింది. ఏడుస్తూనే నేనూ నవ్వేశాను. ఆ మాట ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, దొంగమనిషి. కిందికి దించి మళ్లీ ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. రెండో చరణంలో ఏడుపు ఆగక నా గొంతు మూగబోయింది. పాట మాత్రం ఆగలేదు, వాళ్లు పాడుతూనే ఉన్నారు. కళ్లు తుడుచుకుని మూడో చరణంలో మళ్లీ కలిశాను. ఆ రాత్రి చాలాకాలం తర్వాత కంటినిండా నిద్రపోయాను.

మర్నాడు ఎనిమిదింటికి మైదుకూరులో కర్నూలు బస్సు దొరికింది. పక్కన క్యారియరు పట్టుకుని ఒకామె కూర్చుంది, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. నా సంచిలో బైబిలు కనబడినట్టుంది.

"మీరు ప్రార్థన చేసేటోళ్లా అమ్మా? మా ఇంటాయన కర్నూలు పెద్దాసుపత్రిలో ఉండాడు. మా దేవుళ్లందరికీ మొక్కినాము. మీ దేవునికి గూడా ఒక మాట చెప్పరాదా?"

నా మొర వినని దేవుడికి ఈమె గోడు ఏమని చెప్పను? చెప్పాక అక్కడ జరగరానిది జరిగితే? పాటయితే తప్పిపోతే దించి మళ్లీ ఎత్తుకున్నాను. ఇది అలా కాదే. నాకు రాదని చెప్పేద్దామనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉంది, చెయ్యి చల్లగా ఉంది.

"మీ ఆయన పేరేంటమ్మా?" అన్నాను.

చెప్పింది. కళ్లు మూసుకున్నాను. ఏడాది కిందట మా ఆయన కోసం ఎలా బతిమాలానో, వాళ్లాయన కోసం అలాగే బతిమాలాను.