మా బండికి ట్రిమ్ నేనే

డెబ్బైల్లో మా రొద్దం పక్క పల్లెల్లో విమానమంటే నెత్తి పైకెత్తి చూసేదే తప్ప, దాని తోక సంగతి ఎవరికి కావాల? నాకు కావాల్సొచ్చింది. ఐ.టి.ఐ. పాసై ఊరికే తిరుగుతావుంటే బెంగళూరులో విమానాల రిపేరు ట్రైనింగుకు ఇంటర్వ్యూ కార్డొచ్చింది. "ఇది గిన పోతే నా ఎనకాల మడక పట్టాల్సిందే" అన్నాడు నాయన. నా సేద్యం ఎంత చక్కనో మా ఎద్దులకు తెలుసు (నన్ను చూస్తేనే పడుకునేవి). అందుకని హిందూపురంలో ఉండే మేనమామ దగ్గరికి పరిగెత్తినా. ఆయన విమానాల మెకానిక్కుగా చేసి వచ్చినాయన.

"ఇంటర్వ్యూలో ఎలివేటర్ గురించి అడుగుతారంట. దానికి లిఫ్టని డిక్షనరీలో ఉండాది మామా. విమానంలో మిద్దెలు గూడా ఉంటాయా?" అన్నా. మామ నెత్తి కొట్టుకుని కాలి చెప్పు తీసినాడు. నేను వెనక్కి దూకినా. కొట్టేదానికి కాదు, అదే విమానమంట. "తోక ఆడ కదిలే రెక్కే ఎలివేటర్. పైలట్ కర్ర ఎనక్కి లాగితే అది పైకి లేస్తాది. అప్పుడు తోక కిందికి పోతాది, ముక్కు పైకి లేస్తాది."

"పైకి లేస్తే కిందికెట్ల పోతాది మామా?"

"గాలి తొక్కుతాది కదరా! ఇంగ, ఎంతసేపని కర్ర లాక్కోని కూర్చుంటాడు? చెయ్యి నొయ్యదా? అందుకే ఆ రెక్క అంచున ఇంకో బుల్లి రెక్క. అది కిందికి తిరిగితే పెద్ద రెక్క పైకి లేచి అట్లే నిలబడతాది. అదే ట్రిమ్."

కిందికి తిరిగితే పైకి, పైకి లేస్తే కిందికి! (అంతవరకూ ట్రిమ్మంటే మీసానికి చేసేదే అనుకుని, ఇంటర్వ్యూకని చేయించుకున్నా కూడా.) రైల్లో దారిపొడుగునా అరచెయ్యి పైకీ కిందికీ తిప్పుకుంటా కూర్చుంటే, ఎదురుగా ఉన్న ముసలావిడ నాకేదో గాలి సోకిందనుకుని చేతిలో నిమ్మకాయ పెట్టింది.

ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగినారు, ట్రిమ్ ఎందుకని. వచ్చీరాని ఇంగ్లీషులో అరచెయ్యి తిప్పుతా మొదలుపెట్టినా. వాళ్ళలో తెలుగొచ్చిన ఒకాయన జాలిపడి, "తెలుగులోనే చెప్పప్పా" అన్నాడు. అప్పుడు మా ఎద్దులబండి గుర్తొచ్చింది.

"సార్, బండి ముందుబరువైతే కాడి ఎద్దుల మెడమీద పడతాది. మా నాయన దాన్ని చేత్తో ఎత్తిపట్టుకోని నడవడు కదా సార్! 'రేయ్, ఇంత ఎనక్కి జరుగు' అంటాడు. నేను జరిగితే కాడి తేలికైతాది. మా బండికి ట్రిమ్ నేనే సార్!"

ఆయన పడీపడీ నవ్వి పక్కవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పినాడు. సీటొచ్చింది. నాయన నమ్మలేదు. "ఎనక్కి జరిగేదానికి గూడా ఉద్యోగమిస్తారా?" అన్నాడు.

బతుకంతా విమానాల తోకల కిందే గడిపినా, ఏది పైకో ఏది కిందికో నాకిప్పటికీ అరచెయ్యి తిప్పి చూసుకుంటేగానీ తేలదు. రిటైరైనాక ధర్మవరం బస్సెక్కితే కండక్టర్ "ఎనక్కి జరగండప్పా" అని అరుస్తాడు. అందరూ గొణుక్కుంటారు. నాకు మాత్రం పోయిన నాయన గొంతు విన్నట్టయి, మారుమాట్లాడకుండా జరుగుతా. జరిగి, కాడి తేలికైందా లేదా అని ఒకసారి ముందుకు తొంగిచూస్తా కూడా.