ఒడీల్ మసార్ ఇవ్వని గజం

మా ఊళ్లో ఒడీల్ మసార్‌తో ఏదో ఒక పేచీ పడని ఇల్లు లేదు. మెయిన్ వీధి బట్టల కొట్టులో గుడ్డ కొలిచేది ఆమే. అడిగినదానికి బొటనవేలంత ఎక్కువ ఇవ్వదు, తక్కువా ఇవ్వదు. "పెళ్లి గౌనుకి ఒడీల్, కాస్త చూసీ చూడనట్టు వదలొచ్చుగా" అని ఎవరైనా నసిగితే, "చూడకుండా కొలిచేవాళ్లు పక్క కొట్లో ఉన్నారు, వెళ్లండి" అనేది.

ఆదివారం ఫుట్‌బాల్ ఆట (కాలితో తన్నేది కాదు, కోలగా మొనదేలిన బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే మా అమెరికా ఆట) ఉంటే మాత్రం ఆమె కొలిచే గజాలు వేరు. స్టేడియం నెత్తిన అద్దాల గదిలో తండ్రి గాస్టన్ పక్కన కూర్చుని, దుర్భిణిలోంచి చూసి, బంతి ఏ గీత మీద ఆగిందో చెప్పేది. సొంత మైదానంలో మా జట్టు ఆడే ఆటలకి అంకెలు రాసే బృందానికి గాస్టన్ పెద్ద. ఆయన కళ్లకి పొర కమ్మిన ఏడాది, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కూతుర్ని వెంట తెచ్చుకున్నాడు. మూడో వారానికల్లా అందరికీ తెలిసిపోయింది. అప్పటిదాకా ఆమె చెప్పిన అంకె ఒక్కటీ తప్పుపోలేదు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

1988 నవంబరులో ఒక ఆదివారం, సగం వాన సగం మంచు పడుతుండగా, బంతి మా గోల్ గీత ముంగిట్లో బురదలో కూరుకుని ఆగింది. మా అసలు పరుగువీరుడికి మడమ బెణికింది. మూడేళ్లుగా బెంచీ అరగదీస్తున్న లవెల్ ప్రూయిట్ అనే మిసిసిపీ కుర్రాణ్ని లోపలికి పంపారు. నాలుగడుగులు ముందుకి నెట్టుకొస్తే చాలని అందరి ఆశ. అతను ఇద్దరి మధ్యలోంచి దూరి, మూడోవాడు జారిపడగా వాణ్ని దాటి, ఇక ఆగలేదు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్టేడియం ఊగిపోయింది.

అద్దాల గదిలో గాస్టన్ అడిగాడు, "ఎక్కణ్నుంచి మొదలైందే?"

"రెండు."

"రెండా? ఒకటి కాదూ?"

"బంతి ముక్కు రెండో గీతని తాకింది నాన్నా. రెండు."

మైకులో ప్రకటించారు: తొంభై ఎనిమిది గజాల పరుగు.

మైదానం పొడవు వంద గజాలు, గజానికో గీత. బంతి గోల్ గీతకి ఎంత దగ్గరగా ఉన్నా లెక్కలో ఒక గజం అనే రాస్తారు; ముక్కు రెండో గీతని తాకేదాకా అది ఒకటే. అందుకని ఆ ఆటలో ఎంత మొనగాడైనా పరిగెత్తగలిగింది తొంభై తొమ్మిదే. ఆ అంకెని అప్పటికే ఒకడు అందుకున్నాడు. ఎవరూ అతన్ని దాటలేరు. మహా అయితే పక్కన కూర్చోవచ్చు. ఆ పక్క పీట ఒక్క గజంలో తప్పిపోయింది లవెల్‌కి.

మంగళవారం అతను బట్టల కొట్టుకి వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"మిస్ ఒడీల్ అంటే మీరేనాండీ?"

"నేనే. ఏం కావాలి?"

"ఒక గజం కావాలండి."

"ఏ రకం?"

"మొన్న ఆదివారం నా దాంట్లోంచి కోసుకున్నారు చూడండి, ఆ రకం."

కొట్లో ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఒడీల్ నవ్వలేదు. "ముక్కు గీతని తాకింది" అంది.

"నేను బంతి వెనకాలే ఉన్నానండి. మీరేమో మబ్బుల్లో కూర్చున్నారు."

"వెనక నుంచి ముక్కెలా కనపడుతుందయ్యా? నువ్వు చూసింది దాని పిర్ర."

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

మరుసటి ఏడాది మోకాలు పోయి లవెల్ ఆట మానేశాడు. ఇక్కడి పిల్లనే చేసుకుని, రైలు గేటు దగ్గర టైర్ల కొట్టు పెట్టాడు. ఏటా నవంబరులో ఒక మంగళవారం మాత్రం బట్టల కొట్టుకి వచ్చి తన గజం అడిగేవాడు. ఆమె ఏటా లేదనేది. ఊరు రెండు ముక్కలైంది. చర్చి విందులో బూయా అనే మాంసం పులుసు గుండిగ కలుపుతూ గరిటెలతో కొట్టుకోబోయారు ఇద్దరు పెద్దమనుషులు. చర్చి ఫాదర్ అయితే ప్రసంగంలో "ఉన్నవాళ్లు లేనివాళ్లకి ఇవ్వాలి, ఒక గజమైనా సరే" అని మూడో వరుసలో కూర్చున్న ఒడీల్ వైపే చూశాడు.

"ఇచ్చెయ్యవే, మన ఇంట్లోంచి పోయేదేముంది?" అన్నాడు గాస్టన్.

"మన ఇంట్లోదైతే ఎప్పుడో ఇచ్చేసేదాన్ని నాన్నా."

పదిహేనేళ్లు గడిచాయి. ఒక ఫోటోగ్రాఫరు పోతే, ఆయన భార్య గ్యారేజీ సర్దుతూ దొరికిన పాత ఫోటో ఒకటి తెచ్చి ఒడీల్ చేతిలో పెట్టింది. ఆ రోజుదే. మైదానం అంచున నేల మీద పడుకుని తీసింది. దారాల నాణ్యం చూసే భూతద్దం పెట్టి చూసింది ఒడీల్. బంతి ముక్కుకీ గీతకీ మధ్య వేలెడు బురద ఉంది. పైనుంచి చూస్తే ఆ బురద మీద పడ్డ సున్నం గీతలా కనపడి ఉంటుంది.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. తండ్రికి చెబితే ఆయన మంచం మీదే లేచి కూర్చున్నాడు. "చూశావా! ఒకటేనని ఆ రోజే అన్నానా?"

"నీకు ఆ రోజు మైదానమే కనపడలేదు నాన్నా!"

"కనపడకుండా చెప్పాను, అయినా నాదే రైటు!"

మర్నాడు ఆమె లీగు ఆఫీసుకి ఉత్తరం రాసింది. తప్పు నాది, అది ఒకటో గజం, దయచేసి దిద్దండి అని. పోస్టు చేసి, తిన్నగా టైర్ల కొట్టుకి వెళ్లి లవెల్‌కి సంగతి చెప్పింది. అతను గంతులేస్తాడనుకుంది. అతని మొహం పాలిపోయింది.

"ఎవరడిగారండీ మిమ్మల్ని?"

"నువ్వే! పదిహేనేళ్లుగా!"

"అడగడం వేరు, ఇవ్వడం వేరు మిస్ ఒడీల్!" అంటూ టైరు మీద కూలబడ్డాడు. "తొంభై తొమ్మిదైతే నా పేరు ఎక్కడో పుస్తకంలో ఇంకొకడి పేరు కింద పడుంటుంది. ఎవడు చూస్తాడు? అన్యాయమైపోయినవాణ్ని కాబట్టి కదండీ, మూడు జిల్లాల నుంచి జనం వచ్చి టైర్లు మార్పించుకుంటున్నారు! నా కథ వింటూ రెండు కొనాల్సినవాళ్లు నాలుగు కొంటున్నారు!"

అతను పోస్టాఫీసుకి పరిగెత్తాడు, ఆ చెడ్డ మోకాలితోనే. ఉత్తరాల సంచి అప్పటికే వెళ్లిపోయింది.

ఆరు వారాలు ఇద్దరికీ నిద్ర లేదు. ఆమెకి దిద్దరేమోనని, అతనికి దిద్దుతారేమోనని. చివరికి జవాబు వచ్చింది. ఒడీల్ టైర్ల కొట్లో నలుగురు బేరగాళ్ల ముందే చదివింది: దిద్దుబాట్లకి గడువు ఆట జరిగిన ఆ వారమే. అంకె మారదు.

లవెల్ కళ్లు మూసుకుని బరువంతా దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. మరుక్షణం కళ్లు తెరిచి బేరగాళ్ల వైపు తిరిగి చేతులు చాపాడు. "విన్నారా! తప్పు ఆవిడే ఒప్పుకుంది! అయినా ఇవ్వరట! చెప్పండి, ఇంతకంటే అన్యాయం ఉంటుందా?"

నలుగురూ అయ్యయ్యో అన్నారు. ఒడీల్ మసార్ పగలబడి నవ్వడం మా ఊరు చూసింది ఆ రోజే.

ఆ తర్వాత కూడా నాలుగేళ్లు అద్దాల గదిలో కూర్చుంది. తండ్రికి వచ్చినట్టే తనకీ పొర వచ్చిందని తెలియగానే, దాచకుండా, దుర్భిణి తీసి వేరేవాళ్లకి ఇచ్చేసింది. ఆపరేషనుకి ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్లింది లవెలే. కట్టు విప్పాక నర్సు ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి, "ఎన్ని వేళ్లో చెప్పండమ్మా" అంది.

ఒడీల్ ఇంకా నోరు విప్పకముందే లవెల్ అందుకున్నాడు. "ఆవిడ ఎన్నంటే దాంట్లోంచి ఒకటి తగ్గించుకోండి సిస్టర్!"