లైటు తీస్తేగాని తిరగని రాక్షసులు

మా మేనత్తకు ఒక్కటే పట్టుదల. ఆవిడ ఉన్న గదిలో బోర్లా పడుకున్న రాక్షసుణ్ణి వెలుతురులో తిప్పనివ్వదు.

ఇది విని ఆవిడ ఏ మంత్రగత్తో అనుకునేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు రైల్వే స్టేషన్‌లో అనౌన్సరుగా చేసి రిటైరైన మనిషి. రాక్షసులంటే కార్డుల మీది రాక్షసులు. ఒక్కో కార్డు మీద ఒక్కో బొమ్మ, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో దాని శక్తి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. మీ రాక్షసుణ్ణి నిలువుగా పెట్టి ఎదుటివాడి మీదికి వదలచ్చు. లేదా అడ్డంగా, బోర్లా పడుకోబెట్టి ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. బోర్లా పెట్టినవాణ్ణి పెట్టిన వంతులోనే తిప్పకూడదు. తర్వాతి వంతు నుంచి మీ ఇష్టం. ఈలోగా ఎదుటివాడొచ్చి పొడిస్తే మాత్రం మీ ఇష్టంతో పని లేకుండా వాడు వెల్లకిలా తిరుగుతాడు. తిరిగినవాడు ఊరుకోడు, తన కింద రాసి ఉన్న పని చేస్తాడు. ఆ రాసింది అందరికీ వినబడేలా చదవాలి. నియమాలు ఇంతే. వీటికి మా అత్త చేర్చింది ఒక్కటి. తిప్పే ముందు లైటు తీసెయ్యాలి.

ఆట ఆదివారం మధ్యాహ్నాలు, మా కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో. నేను కళ్ళు పరీక్ష చేసే గది కాబట్టి దానికి కిటికీ లేదు. స్విచ్చి నొక్కితే ఎవరి చెయ్యి వాళ్ళకే కనబడదు. ఒక గోడకు అక్షరాల బోర్డు. ఇంకో గోడకు అద్దాల బీరువా. ప్రమాదాల్లో కన్ను పోయినవాళ్ళకు అమర్చే కృత్రిమ కళ్ళు అందులో ఉంటాయి, నలుపు, గోధుమ, తేనెరంగు, వరసలు వరసలుగా. లైటు తీసే ముందు చివరగా కనబడేవి అవే. మళ్ళీ వేశాక మొదట కనబడేవీ అవే. ఈ మధ్యలో అవి ఎటు చూస్తుంటాయో ఆలోచించడం నేను ఎప్పుడో మానేశాను.

ఇక మా అత్త గొంతు. అది ఆవిడ నోట్లోంచి వచ్చినట్టుండదు. గది నలుమూలల నుంచీ, కాస్త ఎత్తునుంచి వస్తుంది. ఇంట్లో కూడా అంతే. "దయచేసి గమనించండి. స్నానాల గదిలో వేడినీళ్ళు మరి కొద్దిసేపట్లో అయిపోనున్నవి" అంటే, అప్పుడే స్నానం చేసి వచ్చినవాడు కూడా తువ్వాలు పట్టుకుని పరిగెత్తేవాడు.

ఆవిడ ఆడదు. న్యాయనిర్ణేతగా కూర్చుంటుంది. ఎవరో ఒకరి రాక్షసుడు తిరగాల్సిన సమయం రాగానే స్విచ్చి టక్కుమంటుంది. చీకట్లో కార్డు తిరిగిన చిన్న చప్పుడు. తర్వాత దాని మీద వేలు నెమ్మదిగా రాసుకుంటున్న చప్పుడు. నాలుగు లెక్కపెట్టేంతసేపు ఏమీ ఉండదు. అప్పుడు ఎక్కడినుంచో ఆ గొంతు.

"దయచేసి గమనించండి. ఎముకల గుట్ట కింది ముసలిది మేల్కొన్నది. తన నిద్ర చెడగొట్టినవారి చేతిలోని కార్డులన్నీ తనతో మట్టిలోకి తీసుకొనిపోవుచున్నది."

లైటు వెలిగేది. చూస్తే నిజంగానే బల్ల మీద ఎముకల ముసలిది. చీకట్లో ఆవిడకు ఏ కార్డు తిరిగిందో ఎలా తెలిసిందన్నది మా ఎవరికీ అంతు చిక్కలేదు. దాదాపు నాలుగువందల కార్డులు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

"ఆవిడకి చీకట్లో కనబడుతుంది. నేను చెప్తున్నాగా" అనేది పళ్ళ డాక్టరమ్మ. రోజుకు పాతికమంది నోళ్ళలోకి తొంగిచూసే ధైర్యవంతురాలు ఈ గదిలో మాత్రం కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేది. ఒకసారి లైటు వెయ్యగానే, పాలిపోయిన మొహంతో, "నా చెయ్యి పట్టుకున్నదెవరు?" అంది. అందరి చేతులూ బల్ల మీదే ఉన్నాయి. తీరా చూస్తే ఆవిడ ఎడమచేతిని ఆవిడ కుడిచెయ్యే పట్టుకుని ఉంది. ఇంకా వదల్లేదు కూడా.

మాలో అందరికన్నా బాగా ఆడేది లిఫ్టుల మెకానిక్. యాభై దాటిన మనిషి. రోజంతా పెద్ద పెద్ద భవనాల లిఫ్టు గుంతల్లో దిగి పనిచేస్తాడు కాబట్టి అతనికి చీకటి కొత్త కాదు. మాట తక్కువ. ఒకసారి విన్న రాక్షసుడి శక్తి జన్మలో మరచిపోడు. బొమ్మ చూస్తే చాలు, ఏ పక్కనుంచి ఎప్పుడు లేపాలో తెలుసు. కొత్త కార్డు చేతికొస్తే మాత్రం, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండి" అని దాన్ని బోర్లా పడుకోబెట్టేసేవాడు. అది తిరిగాక అత్త గొంతే చెప్పేది వాడెవడో.

ఇలా సాగుతుండగా మాలో ప్రూఫ్ రీడరు చేరాడు. పుస్తకాల్లో అచ్చుతప్పులు పట్టడం ఆయన వృత్తి. మా దుకాణం బోర్డు మీద ఒక ఒత్తు తక్కువైందని చెప్పడానికి లోపలికొచ్చి, అలాగే ఆటలో కూర్చున్నాడు. మొదటిసారి లైటు ఆరగానే అరుస్తాడనుకున్నాం. ఆయన నోట వచ్చింది ఒకే ఒక్క మాట.

"ఎందుకు?"

"బోర్లా పడుకున్నవాళ్ళు నిద్రలో ఉన్నట్టు. నిద్ర లేచేవాళ్ళ కళ్ళలో లైటు వెయ్యకూడదు" అంది అత్త, చీకట్లోంచి.

"నియమావళిలో అలా లేదమ్మా. ఎవరి కార్డు వాళ్ళే తిప్పి, వాళ్ళే చదవాలని ఉంది."

"ఈ ప్లాట్‌ఫారం మీద ఇలాగే."

ఆయన వారం వారం అడగడం, ఆవిడ వారం వారం అదే జవాబివ్వడం. పళ్ళ డాక్టరమ్మ ఒకరోజు గుండె పట్టుకుని, "ఆయన చెప్పినట్టు చేస్తే నేను ఇంకో పదేళ్ళు బతుకుతానేమో" అంది కూడా. అత్త వినిపించుకోలేదు.

ఆ రోజుల్లోనే, మా మెకానిక్ నా దుకాణం ముందునుంచి పోతుంటే లోపలికి పిలిచాను. "ఎప్పుడు చూసినా కళ్ళజోడు మర్చిపోయానంటావు. ఇక్కడ ఇంకోటి పెట్టుకో. నేను చేసిస్తాను, కూర్చో" అన్నాను. వద్దన్నా వినలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు తగ్గించి, బోర్డు వెలిగించాను.

"పైన పెద్దక్షరం ఏంటో చెప్పు."

అతను చాలాసేపు చూశాడు. "మసగ్గా ఉందండి" అన్నాడు.

అద్దం మార్చాను. మసకే. ఇంకోటి మార్చాను. మసకే. ఈలోగా నా చొక్కా చేతి మీదినుంచి ఏదో తీసి, "వెంట్రుకండి" అని కింద వదిలాడు. నెరిసిన వెంట్రుక, తెల్ల చొక్కా మీద. నాకే కనబడలేదు. అంత సన్నటిది కనబడిన మనిషికి, ఏ అద్దం పెట్టినా జానెడు అక్షరం మసకేమిటి? అప్పుడర్థమైంది. నేను అద్దాల పెట్టె మూసేశాను.

"లిఫ్టుల్లో అంకెలుంటే చాలండి" అన్నాడతను, బోర్డు వైపే చూస్తూ. "ఆదివారం ఆటకి మాత్రం మీ అత్తగారి పుణ్యమాని కూర్చోగలుగుతున్నా. ఆవిడకి ఆ చీకటి పిచ్చి లేకపోతే మొదటి వారమే మానేసేవాణ్ణి. ఆవిడకి చెప్పకండి. ఎవరికీ చెప్పకండి."

చెప్పనన్నాను. ఆవిడ పిచ్చి ఇతనికిలా కలిసొచ్చిందనుకున్నాను. అంతకు మించి నా బుర్రకు తట్టలేదు.

తర్వాతి ఆదివారం ప్రూఫ్ రీడరు ఒక కార్డును లైటుకు ఎదురుగా పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. పక్కనుంచి చూస్తే ఆయన ఒక కంటితో బీరువాలోని కళ్ళన్నిటితో పోటీ పడుతున్నట్టుంది.

"ఇందులో చిల్లులున్నాయి" అన్నాడు చివరికి. ఇంకోటి తీశాడు. "ఇందులోనూ."

అన్నిట్లోనూ ఉన్నాయి. కార్డు అంచున సూదిమొన పట్టేంత చిల్లులు, ఒక్కోదానికి ఒక్కో తీరు. తడిమితేగాని తెలియవు.

"గుర్తులు పెట్టిన కార్డులు. ఇంతకాలం మనం ఆడింది వీటితో. ఎవరు చేశారిది?"

అత్త తన సంచీ సర్దుకుంటూ, "నేనే" అంది.

"ఎందుకమ్మా?"

"నా గొంతు నేను వినాలని సరదా. ఉద్యోగం అయిపోయాక ఇంకెక్కడ వినబడుతుంది." అంత మామూలుగా అనేసి ఆవిడ కుర్చీలోంచి లేచి గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ గొంతు మొదటిసారి ఒక మనిషి నోట్లోంచి వచ్చినట్టుంది. నాకు అది చీకటికన్నా భయమేసింది.

న్యాయనిర్ణేత కుర్చీ ప్రూఫ్ రీడరుది అయింది. ఆయన ఆ వారమే కొన్న, చిల్లుల్లేని కొత్త కార్డుల కట్టను తన సంచీలోంచి తీసి విప్పాడు. మెకానిక్‌కు, పళ్ళ డాక్టరమ్మకు చెరిసగం పంచాడు. లైటు భగ్గున వెలుగుతూనే ఉంది. మూడో వంతులో డాక్టరమ్మ రాక్షసుడు వెళ్ళి మెకానిక్ బోర్లా పెట్టినవాణ్ణి పొడిచాడు.

"తిప్పండి" అన్నాడు ప్రూఫ్ రీడరు.

మెకానిక్ తిప్పాడు. పాడుబడ్డ బావి, అందులోంచి పైకొచ్చిన ఒక చెయ్యి. కింద నాలుగు వరసల అక్షరాలు.

"చదవండి."

"బావిలోంచి చెయ్యి వస్తోందండి."

"అది బొమ్మ. కింద రాసింది చదవండి."

"కళ్ళజోడు..." అని ఆగాడు. తలుపు అవతల దుకాణం నిండా కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి. నేను ఏదో ఒకటి అనబోయాను. గోడ పక్కనుంచి అత్త, "నాకు కళ్ళు తిరుగుతున్నాయి, ఆట ఆపండి" అంది. ఆవిడ స్టూలు మీద నిటారుగా, శుభ్రంగా కూర్చుని ఉంది. ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు మెకానిక్. ఆమె చూపు తప్పించింది. అంతే, అతని మొహం మారిపోయింది.

"మీకు తెలుసా అమ్మగారూ?"

ఆవిడ ఒళ్ళోని సంచీ మళ్ళీ సర్దుకోసాగింది.

అతను కార్డు బల్ల మీద సరిగ్గా పెట్టాడు. "నాకు చదవడం రాదండి" అన్నాడు ప్రూఫ్ రీడరుతో. "అమ్మగారు లైటు తీసింది నాకోసం. ఆ చిల్లులు పొడిచిందీ నాకోసమే. ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి."

ప్రూఫ్ రీడరు కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు. లేచి గోడ దగ్గరకు నడిచి తనే స్విచ్చి నొక్కాడు.

చీకట్లో కుర్చీ జరిగింది. కార్డు మీద వేలు రాసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

"ఇందులో చిల్లుల్లేవు" అంది అత్త గొంతు మెల్లగా. "నాకు వీడెవడో తెలీదు."

"ఒక్క నిమిషమమ్మా" అంది ప్రూఫ్ రీడరు గొంతు. బట్టలు రాసుకున్న చప్పుడు. ఎవరో ఎవరి చెవిలోనో గుసగుసలాడుతున్నారు. ఒకసారి కళ్ళబడ్డ అక్షరాన్ని మరచిపోవడం ఆయనకు చేతకాదు మరి. పళ్ళ డాక్టరమ్మ నా మోచెయ్యి దొరకబుచ్చుకుని, "ఏం చేస్తున్నారు వాళ్ళు?" అంది ఏడుపు గొంతుతో. అప్పుడు గది నలుమూలల నుంచీ, కాస్త ఎత్తునుంచి వచ్చింది.

"దయచేసి గమనించండి. బావిలోని చెయ్యి మేల్కొన్నది. తనను తాకినవారిని కాళ్ళు పట్టి లోపలికి లాగుకొనుచున్నది."

డాక్టరమ్మ కాళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి. ఆ ఆట ఆవిడ ఓడిపోయింది.

ఇంటికి వెళ్తూ అడిగాను. "నీకెప్పుడు తెలిసింది అత్తా?"

"మొదటి రోజే. నియమాల కాగితం తలకిందులుగా పట్టుకుని, చదువుతున్నట్టు తలూపాడురా."

"నాలుగువందల కార్డులకు చిల్లులు పొడిచేకంటే, నేర్పిస్తానని ఒక్క మాట అనకపోయావా?"

"అతను అడగందే ఎలా అంటాను? ప్లాట్‌ఫారం మీద ముప్ఫై ఏళ్ళు చూశాను. బోర్డు చదవలేనివాళ్ళు ఎవర్నీ అడగరు. అనౌన్స్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ నిలబడతారు." నాలుగడుగులు వేశాక అంది, "ఇవాళ వెళ్తూ వెళ్తూ అడిగాడులే."

బుధవారం మధ్యాహ్నం దుకాణంలో ఒకాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. లోపలి గదిలోంచి బొంగురు మగ గొంతు ఒకటి, మూలుగుతున్నట్టు మొదలైంది.

"త... తలు... తలుపు. వె... వెనక. ని... నిల... నిలబడి... ఉన్న... వాడు."

"మళ్ళీ" అంది నలుమూలల నుంచీ మా అత్త గొంతు. "ఇంకా గట్టిగా."

"తలుపు వెనక నిలబడి ఉన్నవాడు."

అద్దంలో ఆయన మొహం తెల్లబడింది. "లోపల ఎవరండీ?" అన్నాడు చాలా నెమ్మదిగా.

"మా అత్తయ్యండీ. అక్షరాలు నేర్పుతోంది."

ఆయన తలూపాడు. నమ్మినట్టే ఉంది. కానీ బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, మెడ సాచి తలుపు వెనక ఒకసారి చూసుకుని మరీ వెళ్ళాడు.