తెల్లకుక్క తోక కింద

మా ఇంట్లో కుక్కకు జబ్బు చేసిందని ఎవరూ బాధపడలేదు. ఆ జబ్బు తోక కింద వచ్చిందని సిగ్గుపడ్డారు. కాలికో చెవికో వచ్చి ఉంటే ఇల్లంతా దాని చుట్టూ కూర్చుని పసుపు రాసేది. నాకు తెలుసు వాళ్ల సంగతి.

నారాయణఖేడ్‌లో బస్ డిపో వెనక గల్లీలో ఉండేవాళ్లం. నేను, మా ఆయన, అత్తమ్మ. మా ఆయన డిపోలో మెకానిక్. రెండు వేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తు లేదు, పక్క గల్లీలో అద్దెకున్న ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ తన తెల్ల బొచ్చుకుక్కను మాకిచ్చి పోయాడు. అబ్బో, ఆ రోజుల్లో దాని వైభవం చూడాలి. మా ఆయన దాన్ని మోటారుసైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పాడు. చుట్టాలు వస్తే అత్తమ్మ ముందు కుక్కను చూపించి, తర్వాత మంచినీళ్లిచ్చేది. మేం జొన్నరొట్టె తింటుంటే దానికి పాలన్నం. నేను రొట్టెముక్క వేయబోతే అత్తమ్మ, "ఆఫీసర్ కుక్కకు గట్టి రొట్టె ఏస్తవా, పిల్లా?" అని నా చెయ్యి ఆపేది.

ఏడాది తిరిగేసరికి అది నేల మీద కూర్చుని, ముందుకాళ్లతో పాకుతూ వెనక భాగాన్ని బండలకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. కాసేపు రుద్దుకునేది, వెనక్కి తిరిగి నాక్కునేది, మళ్లీ రుద్దుకునేది. మొదట అందరం నవ్వాం. గల్లీలో వాళ్లు కడుపులో పురుగులన్నారు. మందుల దుకాణం నుంచి నులిపురుగుల మందు తెచ్చి తాగించాం. ఏమీ తగ్గలేదు. ఒక శుక్రవారం అత్తమ్మ కడిగి పసుపు రాసిన గడప మీదే అది కూర్చుని రుద్దుకుంది. అంతే, ఆ రోజుతో దాని వైభవం ముగిసింది.

"గడప మీద గట్ల గీకితే ఇంట్ల లచ్చిమి ఉంటదా? బయట కట్టేయుండ్రి దాన్ని," అంది అత్తమ్మ.

మా ఆయన వాకిట్లో వేపమొద్దుకు కట్టేశాడు. దాని దగ్గర్నుంచి కుళ్లిన ఎండుచేపల వాసన వచ్చేది. ఆ వాసనకు నేనూ ముక్కు మూసుకునేదాన్ని, అబద్ధమెందుకు. కానీ రాత్రీ పగలూ అది మూలుగుతుంటే చెవులు మూసుకుని ఎలా ఉంటారు మనుషులు? వీళ్లు ఉన్నారు.

నేనే పోరు పెట్టి పశువుల దవాఖానకు తీసుకుపోయాను. మా ఆయన వచ్చాడు కానీ గేటు దగ్గరే నిలబడ్డాడు, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. డాక్టరు ఒక గేదెను చూసి పంపించి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని దీని తోక ఎత్తాడు.

"పురుగులు కావమ్మా. ఇగో, మలద్వారానికి ఇటొకటి అటొకటి చిన్న తిత్తులుంటయి. మలం గట్టిగొస్తే గా ఒత్తిడికి అవే ఖాళీ అయితయి. ఏం పెడుతున్నరు తిననీకి?"

"పాలన్నం."

"గదే మరి. మెత్తటి తిండి, మెత్తటి మలం. తిత్తులు నిండి గట్టిపడ్డయి. గా సలుపుకే గీకుతుంది."

వేడినీళ్లలో ముంచిన దూది పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ ఆ తిత్తుల కింద ఆనించి మెల్లగా పైకి ఒత్తాడు. మట్టిరంగు జిగురు దూదిలోకి వచ్చింది. కుక్క ఒక్కసారి కుయ్యిమని, తర్వాత ఒళ్లు వదిలేసింది. ఎన్నాళ్ల తర్వాతో దాని మొహంలో నెమ్మది చూశాను. నాకు ఏడుపొచ్చింది.

"నెలకోసారన్న చూసి ఒత్తాలె. ఆగబట్టిన్రంటే చీము పడుతది. నువ్వు చేస్తవా, మీ ఆయనకు చూపియ్యాల్నా?" అని అడిగాడు డాక్టరు.

నేను గేటు వైపు చూశాను. మా ఆయన బస్సులు పోయే రోడ్డు వైపు చూస్తున్నాడు.

"నేనే జేస్త," అన్నాను.

అప్పట్నుంచి పాలన్నం మాన్పించి రొట్టె, ఉడికించిన గుమ్మడికాయ పెట్టాను. నెలకోసారి పెరట్లో నీళ్లు కాచుకుని, తొడుగులు వేసుకుని ఆ పని చేసేదాన్ని. అది తనే వచ్చి నా మోకాళ్లకు వీపు ఆనించి నిలబడేది. గడప గీకడం పోయింది, వాసన పోయింది. కానీ మా ఇంట్లో వేరే తంటా మొదలైంది.

"గా చేత్తోనే రొట్టెలు జేస్తవా?" అంది అత్తమ్మ.

"తొడుగులేసుకున్న, సబ్బుతోని కడుక్కున్న, అత్తమ్మా."

"సబ్బుతోని పోతదా గా మైల?"

ఆ రోజు నుంచి తన రొట్టె తనే చేసుకుంది. అంతకు ముందు ఏడాది ఆమె జారిపడి తుంటి విరిగినప్పుడు, మూడు నెలలు మంచం కింది గిన్నె తీసింది ఈ చేతులే. అప్పుడు ఇవే చేతుల రొట్టె అడిగి అడిగి తిన్నది. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎందుకు మింగానా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇక మా ఆయన సంగతి. పొద్దంతా ఇంజన్ కింద పడుకుని, మోచేతుల దాకా గ్రీసు పూసుకునే మనిషి. నేను ఆ పని చేసినరోజు మంచం ఇంకో గోడకు జరుపుకునేవాడు.

రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. తర్వాత కల్హేర్‌లో మా నాన్నకు జ్వరం ఎంతకీ తగ్గక మంచాన పడితే నేను వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు మా ఆయన్ను పెరట్లో నిలబెట్టి, ఎక్కడ ఒత్తాలో ఎలా ఒత్తాలో చూపించాను. మొహం పక్కకు తిప్పుకునే తలూపాడు. నెలన్నర ఉన్నాను అక్కడ. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదాన్ని.

"నీళ్లు కాచినవా? ఒత్తినవా?"

"ఆ, చేసిన. మంచిగనే ఉంది. నువ్వు పరేషాన్ కాకు."

నేను తిరిగొచ్చి వాకిట్లో అడుగుపెట్టగానే కాలిన బొచ్చు కనిపించింది. తోక మొదలుకు రెండు పక్కలా వాతలు. పుండ్లు ఎండుతున్నాయి. ఎవరు చేశారని అరిచాను.

"చిన్నాయిన వచ్చిండు అంగడికి. వాపు చూసి, వాత పెడితే చెడునీరు దిగుతదన్నడు," అన్నాడు మా ఆయన.

ఆయన చిన్నాయిన అంటే మా మామ తమ్ముడు. సిర్గాపూర్‌లో వ్యవసాయం. ఎద్దుకు ఏ గడ్డ లేచినా కొడవలి కాల్చి వాత పెట్టడం ఆయనకు వాళ్ల నాన్న నేర్పిన వైద్యం. కుక్క ఏడుస్తుంటే చూడలేక పెట్టాడట. పెట్టాక తను కూడా కళ్లు తుడుచుకున్నాడట. ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. తిట్టాల్సిన మనిషి నా ఎదురుగా ఉన్నాడు.

"దాన్ని పట్టుకున్నదెవరు?"

"నేనే. గట్టిగ పట్టుకోకుంటే ఆగుతదా మరి?"

కొడవలి కాలుతుంటే కుక్క వెనక కాళ్లు ఒడిసిపట్టడానికి ఆయనకు చేతులొచ్చాయి. తడిదూది పట్టడానికి రాలేదు. నెలన్నరలో ఒక్కసారి కూడా ఒత్తలేదని నేను అడక్కుండానే తెలిసింది.

ఆ సాయంత్రమే నీళ్లు కాచుకుని పెరట్లోకి పిలిచాను. రాలేదు. నేనే వెళ్లి తోక మీద చెయ్యి వేశాను. గిర్రున తిరిగి నా మణికట్టు కొరికింది. కొరికి, మంచం కిందికి దూరి వణుకుతూ కూర్చుంది. నేను నల్లా కింద రక్తం కడుక్కుంటుంటే మా ఆయన వెనకొచ్చి నిలబడ్డాడు.

"చూసినవా? గందుకే నేను ముట్టలే."

ఆయన గొంతులో గెలిచిన సంతోషం ఉంది. దాన్ని నేను ఈ జన్మలో క్షమించను.

తర్వాత ఎవరి చెయ్యీ పడనివ్వలేదు అది. డాక్టరు మూతి కట్టి, సూది మందిచ్చి చూశాడు. కాలిన చోట చర్మం ముడుచుకుపోయి దారి మూసుకుందని, లోపల చీము పట్టిందని చెప్పి, కోసి తీశాడు. మళ్లీ పట్టింది. వానలు మొదలయ్యే రోజుల్లో తిండి మానేసి, ఒక తెల్లవారుజామున చనిపోయింది.

మా ఆయన డిపోకు సెలవు పెట్టి పెరట్లో గుంత తవ్వాడు. తవ్వి వచ్చి, ముక్కుకు ఏమీ అడ్డం పెట్టుకోకుండా, దాన్ని రెండు చేతులతో ఛాతీకి ఆనించి ఎత్తుకున్నాడు. గోడ అవతలి వాళ్లు చూస్తున్నారు. పాపం ఎంత ప్రేమగా పెంచుకున్నాడో అని ఒకావిడ అంది కూడా.

"ఇటియ్యి," అన్నాను.

"బరువుంటది, నేనే పెడుత."

"ఇటియ్యి అంటున్న గదా. ఇగ నువ్వు ముట్టకు."

ఆయన చేతుల్లోంచి లాక్కుని, నేనే గుంతలోకి దించాను.