గేటు ఊగిన లెక్క

మా ప్రయోగశాలలో ఆయన్ని అందరూ ముక్కల మాస్టారు అనేవాళ్లు. ఆనకట్ట గేటైనా, వంతెన స్తంభమైనా కంప్యూటర్ తెర మీద వేలాది చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద ఎంత బలం పడుతుందో లెక్క కట్టడం ఆయన పని. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని, కిటికీ పక్కన అదే కుర్చీ.

"ఆఫీసులో కనిపించినవన్నీ ముక్కలు చేసొస్తారు. ఇంట్లో ఒక్క ఉల్లిపాయ కోయమంటే మాత్రం చేతకాదు" అని ఆయన భార్య మా ముందే దెప్పేది. ఆయన నవ్వేవారు.

ఆయనకో చాదస్తం. లెక్క సాగడానికి ఏ చిన్న సర్దుబాటు చేసినా నోటుపుస్తకంలో తేదీ వేసి రాయాల్సిందే. నాకు ఒళ్లు మండేది.

ఆయన రిటైరవడానికి నెల ముందు ఒక ఆనకట్టకు అప్పుడే బిగించిన కొత్త గేటు లెక్క నాకు అప్పగించారు. నీళ్లు గేటును నెడతాయి. గేటు కదిలితే నీళ్ల దారి మారుతుంది, ఆ నీళ్లు మళ్లీ గేటును నెడతాయి. రెండింటినీ కలిపే లెక్కించాలి. గేటు మూడో వంతు లేచేసరికి ప్రతిసారీ అంకెలు చెయ్యి దాటిపోయి లెక్క ఆగిపోయేది. కంప్యూటర్ తిక్క అనుకున్నాను. గడువు ముంచుకొస్తోంది. ఊపును అణిచే అంకె ఒకటి, అసలు గేటుకు లేనిది, లోపల కలిపాను. లెక్క బుద్ధిగా చివరిదాకా నడిచింది. పుస్తకంలో రాయలేదు. మాస్టారు నన్ను నమ్మి నివేదిక మీద సంతకం చేశారు.

గేటును మొదటిసారి ఎత్తడానికి రెండు రోజులుందనగా మనసొప్పక, ఆ అంకె తీసేసి ఇంకా చిన్న ముక్కలతో మళ్లీ నడిపాను. గేటు అక్కడే ఊగింది, ఊపు పెరుగుతూనే పోయింది. లెక్క మొదటి నుంచీ నిజమే చెబుతోంది. దాని నోరు నొక్కింది నేను. ఆ గేటు మీద మనుషులు నిలబడి పనిచేస్తారు.

పరుగున వెళ్లి మాస్టారికి చెప్పాను. ఆయన చెయ్యి చాచారు.

"తిట్టాల్సింది తర్వాత తిడతాను. ముందు ఆ ఫోనిటివ్వు."

"తప్పు నాదని చెప్పండి మాస్టారూ."

"సంతకం ఎవరిదమ్మా?"

ఆనకట్టవాళ్లు గేటు మీద ఎవరినీ ఉంచకుండా నెమ్మదిగా ఎత్తి చూశారు. మూడో వంతు దగ్గర అది అదిరిపోయి రెండు బోల్టులు ఊడిపడ్డాయి. వెంటనే దించేశారు. మా ప్రయోగశాల ఫైలులో మాత్రం పైవాళ్లు మాస్టారి పొరపాటు అని రాశారు. రిటైరయ్యాక కూడా సలహాదారుగా రమ్మన్న మాట వెనక్కి తీసుకున్నారు. అప్పుడు నా నోరు పెగల్లేదు. అందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఆయన చివరి రోజున, అందరం ఆయన బల్ల చుట్టూ ఉండగా, గేటు ఆపరేటరు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆ రోజు పైన నేనూ మా తమ్ముడూ ఉండాల్సిందండీ. ఎవరండీ ఆపించింది?"

మాస్టారు నన్ను చూపించారు. "ఈ అమ్మాయే. తనే కనిపెట్టి చెప్పింది."

అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. మాస్టారు తలొంచుకుని సొరుగు ఖాళీ చేసుకుంటున్నారు. ఆయన్ని అలా చూస్తూ ఇక ఉండలేకపోయాను.

"ముందు ఆ తప్పుడు లెక్క ఇచ్చిందీ నేనేనండీ. మాస్టారు కాదు" అన్నాను, అందరికీ వినపడేలా.

అతను నా చేతులు వదిలేశాడు.