శంకర్ నగర్‌లో సముద్రపు నురగ

రూతమ్మ ముక్కు గురించి రాయ్‌పూర్ మోవా పేటలో వాళ్ళ వీధి వీధంతా తెలుసు. ముప్పయ్యేళ్ళ నర్సు ఉద్యోగంలో పదునెక్కిన ముక్కు అది. వార్డు గుమ్మంలో నిలబడే, ఏ మంచం మీది రోగికి కట్టు మార్చే వేళ దాటిపోయిందో చెప్పేసేదని ఆమెతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె భర్త స్టీఫెన్ రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. బజారుకెళ్ళి దొంగతనంగా ఒక బీడీ కాల్చుకొస్తే గడప దగ్గరే దొరికిపోయేవాడు. లవంగం నమిలినా లాభం ఉండేది కాదు. "బీడీ, దాని మీద లవంగం," అనేది రూతమ్మ వంటింట్లోంచే, తల తిప్పకుండా.

అలాంటి రూతమ్మ మీద, పనిచేసే చోట కంపు కొట్టిస్తోందన్న నింద వచ్చి పడింది.

ఆమె పుట్టిల్లు కాకినాడ పక్కన ఉప్పాడ. పెళ్ళి చేసుకుని రాయ్‌పూర్ వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లోనే సగం జీవితం గడిపింది. మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక వార్డుల చుట్టూ తిరిగే పని మానేసి, శంకర్ నగర్‌లో డాక్టర్ ధనుంజయ్ నడిపే పళ్ళ క్లినిక్‌లో చేరింది. పరికరాలు కడిగి, ఆవిరిపెట్టెలో ఉడికించి, డాక్టరు చెయ్యి చాచేసరికి అందివ్వడం ఆమె పని. ఆమె కడిగిన ట్రేలో ముఖం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు అనేది రిసెప్షన్‌లో కూర్చునే నళిని.

డాక్టర్ ధనుంజయ్‌కి ఒక పిచ్చి ఉంది. పెళ్ళయిన కొత్తలో అండమాన్ వెళ్ళి, నీళ్ళ అడుగుకి దిగి పగడాల తోటలు చూసొచ్చాడు. అప్పట్నుంచి ఆయనకి మామూలు చేపల తొట్టి ఆనలేదు. వెయిటింగ్ రూములో గోడ పొడుగునా అద్దాల తొట్టి కట్టించి, అందులో సముద్రాన్నే పెట్టాడు. ఊగే పగడాలు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు, రాళ్ళ సందుల్లోంచి తొంగిచూసే రొయ్య ఒకటి. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు నొప్పి మర్చిపోయి నోరు తెరుచుకుని చూసేవారు.

"నీళ్ళు పూరీ నుంచి తెస్తారా?" అని అడగని పేషెంటు లేడు. "లేదు భయ్యా, వడకట్టిన నీళ్ళలో సముద్రపు ఉప్పు ఇక్కడే కలుపుతాం," అని చెప్పీ చెప్పీ నళినికి విసుగొచ్చేసింది. తొట్టి కింద ఒక చెక్క అలమర ఉండేది. దాని తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి. లోపల ఏదో మోటారు సన్నగా గురకపెడుతూ ఉండేది. చేపల దుకాణం నుంచి మహేంద్ర అనే అతను వారానికోసారి వచ్చి అలమర తెరిచి ఏదో కడిగి వెళ్ళేవాడు. మిగతావాళ్ళెవరూ దాని జోలికి పోలేదు.

అది 2015 వానాకాలం. ఒకరోజు మధ్యాహ్నం నళిని వచ్చి రూతమ్మ పక్కన నిలబడి గొంతు తగ్గించింది. క్లినిక్‌లో మాటలన్నీ హిందీలోనే.

"ఆంటీ, బురా మత్ మాన్‌నా, ఏమీ అనుకోకండి. ఈరోజు మీ డబ్బాలో ఏం తెచ్చారు?"

"వంకాయ కూర. ఎండు రొయ్యలేసి."

"అదే... పేషెంట్లు ముక్కు మూసుకుంటున్నారు."

నళినిది ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు. పాపం, ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది. అయినా రూతమ్మకి చెవులు వేడెక్కాయి. డబ్బా మూత తియ్యకముందే, పొద్దున్నుంచీ ఆ కంపు తన ముక్కుకీ తగులుతూనే ఉంది. కానీ రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో ఎండు చేప వేయించిన పాపానికి మేడమీది ఇంటివాళ్ళు పరుగున దిగొచ్చి, ఏం కాలిపోతోందని అడిగిన సంగతి ఆమె మర్చిపోలేదు. డబ్బా సర్దేసుకుంది.

మర్నాడు బంగాళాదుంప వేపుడు తెచ్చింది. కంపు తగ్గలేదు. ఆ తర్వాత నిమ్మకాయ పులిహోర. తగ్గలేదు. ఇక లాభం లేదని ఉత్త పెరుగన్నానికి దిగిపోయింది. కంపు ఇంకా పెరిగింది.

"డబ్బాకే పట్టేసి ఉంటుంది ఆంటీ," అంది నళిని గదంతా మల్లెపూల స్ప్రే కొడుతూ. రూతమ్మ కొత్త డబ్బా కొంది.

ఇంట్లో స్టీఫెన్‌కి ఇదేమీ అర్థం కాలేదు. "ఏంటి రూతూ, మళ్ళీ పెరుగన్నమేనా? శ్రమదినాల ఉపవాసాలు ఈస్టర్ ముందు కదా వచ్చేది, ఈ సావన్ వానల్లో వచ్చాయేంటి?"

"మీరు మాట్లాడకండి. ఇది నా పరువు సంగతి."

"పెరుగన్నంలో పరువేంటే? క్యా బాత్ హై, చెప్పు."

చెప్పింది. స్టీఫెన్ కాసేపు మీసంలోనే నవ్వుకుని, ఆపైన ఆపుకోలేక పైకే నవ్వేశాడు. "నా మీద ఇరవైనాలుగు గంటలూ డ్యూటీ చేసే ముక్కు, అక్కడికెళ్తే ఛుట్టీ పెట్టేసిందా? డబ్బాలు మార్చడం కాదు. ముక్కుని పనిలోకి దింపు."

ఆ మాట రూతమ్మకి సూటిగా తగిలింది. మర్నాడు నళిని తాళం తీసే వేళకే వెళ్ళిపోయింది. పేషెంట్లు ఉమ్మే సింకు వాసన చూసింది. బాత్రూము తూము చూసింది. చెప్పుల స్టాండు చూసింది. నళిని హ్యాండుబ్యాగు దగ్గరా ఓ క్షణం ఆగింది. నళిని "ఆంటీ!" అంటూ దాన్ని గుండెలకి హత్తుకుంది. చివరికి రూతమ్మ చేపల తొట్టి ముందు, మోకాళ్ళు టకటకమంటుండగా కూలబడి, అలమర తలుపు లాగింది.

కంపు గోడలా వచ్చి తగిలింది. నళిని వీధిలోకి పరుగెత్తింది.

లోపల ఒక నీళ్ళ పెట్టె, అందులో నిలువుగా ఒక అద్దపు గొట్టం ఉన్నాయి. గొట్టం నిండా పాలలాంటి సన్నటి బుడగలు. అవి పైకి లేచి, నురగై, గొట్టం మెడ దాటి పైనున్న కప్పులోకి పడుతున్నాయి. ఆ కప్పులో ఉన్నది మాత్రం మరిగి మరిగి నల్లబడిన డికాషన్‌లా ఉంది. నిండిపోయి, అంచు దాటి, కింది చెక్క మీదికి బొట్లుబొట్లుగా కారుతోంది.

అప్పుడే డాక్టర్ ధనుంజయ్ లోపలికొచ్చాడు. ఆయనకి ఏడాది పొడుగునా సైనస్. పైగా రోజంతా ముక్కుకి మాస్కు. ఆయనకి ఈ గొడవేదీ తెలియనే తెలియదు.

"అరె, స్కిమ్మర్ కప్పు నిండిపోయిందే! మహేంద్ర రావడంలేదా?"

"వరినాట్లకని వాళ్ళ ఊరు తిల్దా వెళ్ళాడు సర్, ఇంకా రాలేదు," అంది నళిని గుమ్మం బయటినుంచే.

డాక్టరు తెల్లకోటుతోనే నేలమీద చతికిలబడ్డాడు. తొట్టి గురించి ఎవరైనా అడిగితే ఆయనకి పేషెంట్లు గుర్తుండరు. "చూడండి సిస్టర్. చేపలు తిని వదిలింది, తినకుండా వదిలింది, అంతా నీళ్ళలో కరుగుతుంది. కంటికి కనపడదు. అలా వదిలేస్తే కుళ్ళి విషమవుతుంది, పగడాలు చచ్చిపోతాయి. మామూలు ఫిల్టరు చెత్తని పట్టుకుంటుంది, కానీ ఆ చెత్త నీళ్ళలోనే నానుతుంటుంది. ఇదలా కాదు. ఆ జిడ్డుకి బుడగని అంటుకునే గుణం ఉంది. బుడగ పైకి పోతూ దాన్ని మోసుకుపోయి, కుళ్ళకముందే నీళ్ళలోంచి బయట పడేస్తుంది."

రూతమ్మ గొట్టం దగ్గరికి వంగింది. "పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురగని గరిటెతో తీసేస్తాం, అలాగన్నమాట."

"అచ్చం అలాగే. కాకపోతే ఇది పగలూ రాత్రీ తీస్తూనే ఉంటుంది. ఉప్పునీళ్ళు కాబట్టి కుదురుతుంది. మంచినీళ్ళలో ఇంత సన్నటి బుడగలు నిలవవు."

"మా ఉప్పాడలో తుఫాను వెలిసాక ఒడ్డంతా గోధుమరంగు నురగ పేరుకునేది డాక్టర్‌సాబ్. మేం దాన్ని గడ్డాలుగా పెట్టుకుని ఆడుకునేవాళ్ళం. అది?"

"అదీ ఇదే," అన్నాడు డాక్టరు సంబరంగా. "సముద్రం తనని తానే కడుక్కుంటుంది."

చిన్నప్పుడు తను ముఖానికి ఏం పూసుకుందో రూతమ్మకి ఇప్పుడు తెలిసింది. అయినా కోపం రాలేదు. కప్పు ఊడదీసి, "ఇది నాకొదిలెయ్యండి," అంది.

ఇక్కడే పొరపాటు జరిగింది. రూతమ్మ తన జీవితంలో సబ్బు పెట్టకుండా ఏ వస్తువునీ కడగలేదు. గిన్నెలు తోమే లిక్విడు ధారగా పోసి, పరికరాలు రుద్దే బ్రష్‌తో కప్పుని, గొట్టం మెడని రుద్ది రుద్ది మెరిపించింది. గబగబా నీళ్ళతో తొలిచి, బిగించి, స్విచ్చి వేసి, చేతులు తుడుచుకుని డాక్టరు పక్కన నిలబడింది. ఆ రోజు ఆమె నడకే మారిపోయిందని నళిని తర్వాత చెప్పింది.

కుర్చీలో ఒక కాంట్రాక్టరు నోరు తెరుచుకుని ఉన్నాడు. డ్రిల్లు తిరుగుతోంది. అంతలో వెయిటింగ్ రూములోంచి కేక వినిపించింది.

అలమర తలుపుల కిందనుంచి తెల్లటి నురగ పొంగుకొస్తోంది. టైల్స్ మీదుగా పాకి చెప్పుల స్టాండుని ముంచేసింది. ఒకావిడ సోఫా ఎక్కి నిలబడింది. నళిని కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. ఒక ముసలాయన మాత్రం ప్రశాంతంగా, "లోపల వాషింగ్ మెషీన్ కూడా పెట్టారా?" అని అడిగాడు.

డాక్టరు పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకాడు. నోట్లో దూదితో కాంట్రాక్టరు కూడా వెనకాలే వచ్చి చూశాడు. నళిని మహేంద్రకి ఫోను చేసి స్పీకరు పెట్టింది. అటునుంచి ట్రాక్టరు చప్పుడు, కప్పల అరుపులు. మడిలో నిలబడే మాట్లాడుతున్నాడు.

"దీదీ, సాబున్ లగాయా క్యా?"

గదంతా రూతమ్మ వైపు తిరిగింది.

"కొంచెం," అంది రూతమ్మ.

మహేంద్ర నవ్వు ట్రాక్టరు చప్పుడుని మించి వినిపించింది. "ఆ కప్పు మెరవక్కర్లేదు దీదీ! ఉత్త నీళ్ళతో జిడ్డు వదిలిస్తే చాలు. సబ్బు ఇసుమంత తగిలినా నురగ ఆగదు. కప్పు బాగా తొలవండి, తొట్టిలో నీళ్ళు మార్చండి, సబ్బుని పీల్చే బొగ్గు సంచి ఒకటి వెయ్యండి."

ఆ సాయంత్రం దాకా డాక్టరు ఉప్పు కలుపుతూనే ఉన్నాడు. రూతమ్మ, నళిని ఇద్దరూ నేల తుడిచారు. తుడుస్తూ తుడుస్తూ నళిని ఒక్కసారిగా పకపకా నవ్వింది. "ఆంటీ, రేపట్నుంచి మీ రొయ్యలు మీరు తెచ్చుకోండి. అసలు కంపంటే ఏంటో ఇప్పుడు తెలిసింది నాకు."

చేపలకి ఏమీ కాలేదు. కానీ తొట్టి మధ్యలో ఉండే పెద్ద పగడం ముడుచుకుపోయింది. పువ్వులా ఊగేది, పిడికిలంత ముద్దై కూర్చుంది. రూతమ్మకి అన్నం సయించలేదు. స్త్రీల ప్రార్థన కూటంలో, "మా క్లినిక్‌లో ఒకరికి ఒంట్లో బాగాలేదు, ప్రార్థన చెయ్యండి," అంది.

"పేరు చెప్పు వదినా," అంది కూటం నడిపే చిన్నమ్మ.

రూతమ్మ తడబడింది. "పగడమ్మ," అంది.

పగడమ్మ కోసం అందరూ కన్నీళ్ళతో ప్రార్థించారు. రూతమ్మ రోజూ పొద్దున్నే అలమర తెరిచి చూసేది. మొదట్లో కప్పులో లేత నిమ్మరసంలాంటి నీళ్ళే పడ్డాయి. తర్వాత టీ రంగు వచ్చింది. నల్లగా, చిక్కగా, కంపుగా దిగిన రోజున ఆమె ఆ కప్పుని రెండు చేతులా ఎత్తి నళినికి చూపించింది. నళిని ముక్కు మూసుకునే చప్పట్లు కొట్టబోయి, కుదరక ఊరుకుంది. ఆ వారంలోనే పగడం ఒక్కొక్క వేలే విప్పుకుని మళ్ళీ ఊగింది. "పగడమ్మ లేచి కూర్చుంది," అని కూటంలో సాక్ష్యం చెప్పింది రూతమ్మ.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాటి సాయంత్రం చిన్నమ్మ మరో ముగ్గురు ఆడవాళ్ళని వెంటేసుకుని, అరటిపళ్ళు, హార్లిక్స్ సీసా పట్టుకుని క్లినిక్‌కి దిగింది.

"పగడమ్మ ఏ గదిలో ఉందమ్మా?" అని నళినిని అడిగింది. నళినికి తెలుగు రాదు. పేరు మాత్రం అర్థమైంది. వేలు తొట్టి మధ్యలో ఊగే పగడం వైపు చూపించింది.

రూతమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలినుంచి వచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే తొట్టి కింది అలమర తలుపు తెరిచి, "ముందు ఇది చూడండి, తర్వాత తిడుదురుగాని," అంది. నలుగురూ వంగారు. గొట్టంలో తెల్లగా బుడగలు లేస్తున్నాయి. చిన్నమ్మ చాలాసేపు చూసింది. అప్పటికే మిగతా ముగ్గురూ ముక్కులు మూసుకున్నారు.

"ఇంత మురికి ఆ పిల్ల ఒంట్లోంచేనా తీసింది?" అంది చిన్నమ్మ.

"ఊరందరిదీ వదినా," అంది రూతమ్మ. "ఆ చేపలదీ, రొయ్యదీ, అందరిదీ."

చిన్నమ్మ లేచి, అద్దానికి ముఖం ఆనించి, పగడాన్ని పరీక్షగా చూసింది. తర్వాత హార్లిక్స్ సీసా తీసి రూతమ్మ చేతిలో పెట్టింది. "ఇది నువ్వు తాగు. ఆ వాసన రోజూ పీల్చేదానివి నువ్వే కదా," అని, అరటిపళ్ళు మాత్రం తిరిగి సంచిలో వేసుకుంది.